మీకు తెలుసా? గోడలో అమర్చిన ఓవెన్ గుట్టుమట్లు

ఎల్బీనగర్ చుట్టూ కొత్తగా లేస్తున్న అపార్ట్‌మెంట్లలో వంటింటి ప్లానులోనే ఓవెన్‌కి ఒక అర గీసి ఇస్తున్నారు. దిల్‌సుఖ్‌నగర్, సరూర్‌నగర్ పాత ఇళ్లవాళ్లు కూడా మాడ్యులర్ కిచెన్ పని పెట్టుకున్నప్పుడు చిమ్నీతో పాటే బిల్ట్-ఇన్ ఎలక్ట్రిక్ ఓవెన్ పెట్టించుకుంటున్నారు. తీరా గృహప్రవేశానికి వచ్చిన చుట్టాలకు చూపించడం అయ్యాక, చాలా ఇళ్లలో అది మూకుళ్లు, పెనాలు దాచే అరగా మిగిలిపోతోంది. వాడేవాళ్లలో కొందరికి కేకు అడుగు మాడుతుంది, కొందరికి స్విచ్ పడిపోతుంది. ఓవెన్ వంట కుదరాలంటే ముందు దాని వెనకున్న గోడ, వైరు, గాలి కుదరాలి. రెసిపీ ఆ తర్వాత. అందుకే ఈ సంగతులు గోడ దగ్గర మొదలై పళ్లెం దాకా వెళ్తాయి.

బిగించే ముందు

1. మైక్రోవేవ్‌కి పనికొచ్చే డబ్బా ఓవెన్‌కి పనికిరాదు, తెలుసా?
మైక్రోవేవ్ 2.45 గిగాహెర్ట్జ్ తరంగాలతో పదార్థంలోని నీటిని కదిలించి వేడి పుట్టిస్తుంది. ఎలక్ట్రిక్ ఓవెన్‌లో కాయిల్ ఎర్రబడి లోపలి గాలిని, గోడల్ని వేడి చేస్తుంది. మొదటిదాంట్లో స్టీలు గిన్నె పెట్టకూడదు, దానికి పనికొచ్చే ప్లాస్టిక్ పెట్టొచ్చు. రెండోదాంట్లో స్టీలు, ఇనుము, అల్యూమినియం అన్నీ నడుస్తాయి, ప్లాస్టిక్ మాత్రం కరిగి కాయిల్ మీద కారుతుంది. ‘మైక్రోవేవ్ సేఫ్’ అన్న ముద్ర చూసి ఆ డబ్బాని 180 డిగ్రీల ఓవెన్‌లో పెట్టకండి. రెండు పనులూ చేసే కాంబి ఓవెన్లయితే ఏ గిన్నె పెట్టాలన్నది ఆ పూట ఎంచుకున్న మోడ్‌ని బట్టి ఉంటుంది.

2. ఓవెన్‌కి వెనక నుంచి కూడా గాలి కావాలని తెలుసా?
బిల్ట్-ఇన్ ఓవెన్లు చాలావరకు 60 సెంటీమీటర్ల వెడల్పు అరలో పట్టేలా వస్తాయి. కార్పెంటర్ ఆ కొలత అడుగుతాడు. వెనకాల ఎంత ఖాళీ వదలాలో మీరే చెప్పాలి. కంపెనీవాళ్లు ఇచ్చే చిన్న పుస్తకంలో దాని బొమ్మ, కొలతలు ఉంటాయి. పని మొదలయ్యేముందే ఆ కాగితం కార్పెంటర్ చేతిలో పెట్టండి. బొద్దింకలు దూరతాయని వెనక వైపు ప్లైవుడ్ కొట్టించి మూసేస్తే వేడి బయటికి పోయే దారి ఉండదు. చుట్టూ ఉన్న చెక్క ఎండి నల్లబడుతుంది, లామినేట్ ఊడుతుంది, ఓవెన్‌లోని సర్క్యూట్ బోర్డు ఆయుష్షు తగ్గుతుంది.

3. ఆపేశాక కూడా ఫ్యాన్ తిరగడం రిపేరు కాదు, తెలుసా?
వంట అయిపోయి స్విచ్ తిప్పేశాక కూడా కాసేపు ‘బుయ్’మని చప్పుడు వస్తుంది. అది చల్లార్చే ఫ్యాన్. లోపలి వైర్లను, బోర్డును, పక్కనున్న చెక్కను కాపాడడానికే అది తిరుగుతుంది. కరెంటు వృథా అని గోడమీది మెయిన్ స్విచ్ వెంటనే కట్టేయొద్దు. ఫ్యాన్ ఆగాక కట్టేయండి.

4. గట్టు కింద కంటే ఛాతీ ఎత్తులో ఓవెన్ ఎందుకు మేలో తెలుసా?
నడుం వంచకుండా వేడి ట్రే తీసుకోవచ్చు, పిల్లల చేతికి అందదు. ఈ ప్రాంతంలో మూడో కారణం కూడా ఉంది. 2020 అక్టోబరు 13 నాటి కుంభవృష్టికి సరూర్‌నగర్ చెరువు దిగువన కోదండరామ్‌నగర్ లాంటి కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. గ్రౌండ్ ఫ్లోర్‌లో గట్టు కింద, నేలకి జానెడు ఎత్తులో ఓవెన్ ఉంటే అలాంటి రోజున ముందు మునిగేది అదే. నీళ్లు తగిలిన ఓవెన్ పైకి ఆరినట్టు కనిపించినా ఆన్ చేయకండి. లోపల వేడి పోకుండా చుట్టిన దూది లాంటి పొర నీటిని పట్టి ఉంచుతుంది. మెకానిక్ విప్పి, ఆరబెట్టి, పరీక్షించాకే కరెంటు ఇవ్వాలి.

కరెంటు లెక్క

5. 16 ఆంపియర్ల ప్లగ్గు ఎంత మోస్తుందో తెలుసా?
లెక్క సులువు: 230 వోల్టులు × 16 ఆంపియర్లు = 3,680 వాట్లు. ఇళ్లలో ‘పవర్ ప్లగ్’ అనే పెద్ద పిన్నుల సాకెట్టు హద్దు అది. బిల్ట్-ఇన్ ఓవెన్లు మోడల్‌ని బట్టి సుమారు 2,000 నుంచి 3,500 వాట్ల దాకా లాగుతాయి. అంటే పెద్ద ఓవెన్ ఒక్కటే ఆ సాకెట్టుని దాదాపు నింపేస్తుంది. అదే లైనులో గీజరో మిక్సీయో ఉండకూడదు. బోర్డు నుంచి ఓవెన్‌కి విడిగా ఒక లైను, దానికి ఎమ్‌సీబీ అనే భద్రతా స్విచ్ విడిగా ఉండాలి. పెద్ద ఓవెన్లకు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు లాగించమని ఎలక్ట్రీషియన్‌కి చెప్పండి. కరెంటు బిల్లు మీద ‘కాంట్రాక్టెడ్ లోడ్’ అని కిలోవాట్లలో ఒక అంకె ఉంటుంది. ఏసీ, గీజరు, ఓవెన్ కలిపితే ఆ అంకె దాటుతుందేమో చూసుకోండి. దాటితే కరెంటు పంపిణీ సంస్థకి (డిస్కమ్) అదనపు లోడ్ కోసం దరఖాస్తు పెట్టుకోవాలి.

6. ఎక్స్‌టెన్షన్ బాక్స్ మీద ఓవెన్ నడపడం ఎందుకు ప్రమాదమో తెలుసా?
ఫోన్ చార్జర్లకు, టీవీకి పెట్టుకునే బాక్సుల్లో వైరు సన్నం, లోపలి పత్తీలు పల్చన. ఓవెన్ గంటసేపు పూర్తి భారం లాగితే ముందు వేడెక్కేది పిన్ను దగ్గర. సాకెట్టు గోధుమరంగుకి తిరిగినా, కాలిన వాసన వచ్చినా వెంటనే ఆపేసి మార్పించండి. హాస్టళ్లు, అద్దె గదులు ఎక్కువున్న చైతన్యపురి లాంటి చోట్ల, ఓనరు వేయించిన పాత వైరింగు మీద టేబుల్ ఓవెన్ పెట్టుకునే కుర్రాళ్లకూ ఇదే మాట. ఇక మామూలు ఇంటి ఇన్వర్టర్ ఫ్యాన్లు, లైట్ల కోసం పెట్టింది. ఓవెన్‌ని అది మోయలేదు.

7. వోల్టేజీ కొంచెం తగ్గితే వేడి చాలా తగ్గుతుందని తెలుసా?
కాయిల్ ఇచ్చే వేడి వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. 230 వోల్టుల దగ్గర 2,000 వాట్లు ఇచ్చే కాయిల్, 200 వోల్టులకు పడితే సుమారు 1,510 వాట్లే ఇస్తుంది. వోల్టేజీ తగ్గింది ఎనిమిదో వంతు కంటే కొంచెం ఎక్కువ. వేడి తగ్గింది పావు వంతు. ఎండాకాలం రాత్రి వీధంతా ఏసీలు వేసుకున్న వేళ ప్రీహీట్ నత్తనడక నడవడానికి ఇదొక కారణం. అలాంటప్పుడు గడియారాన్ని నమ్మి పిండి లోపల పెట్టొద్దు. వేడెక్కుతోందని చెప్పే ఎర్రలైటు ఆరేదాకా ఆగండి.

8. కరెంటు పోయి వచ్చాక ఓవెన్ ఎందుకు మొండికేస్తుందో తెలుసా?
గడియారం ఉన్న చాలా బిల్ట్-ఇన్ ఓవెన్లలో కరెంటు పోయి వచ్చాక 00:00 లేదా 12:00 అని అంకెలు కొట్టుకుంటూ ఉంటాయి. ఆ టైము మళ్లీ సరిచేసేదాకా వాటిలో కొన్ని అసలు వేడెక్కవు. లోపల లైటు వెలుగుతుంది, ఫ్యాన్ తిరుగుతుంది, కాయిల్ మాత్రం చల్లగా ఉంటుంది. పాడైందనుకుని మెకానిక్‌ని పిలిచే ముందు గడియారం సరిచేసి చూడండి. చాలాసార్లు ఇంటికొచ్చిన మనిషి చేసేదీ అంతే. విజిటింగ్ చార్జి మాత్రం అదనం.

9. వానాకాలం దాటాక మొదటిసారి ఆన్ చేస్తే కరెంటు ట్రిప్ అవడానికి కారణం తెలుసా?
ఓవెన్ కాయిల్ లోపల నికెల్, క్రోమియం కలిసిన తీగ ఉంటుంది. ఆ తీగకీ బయటి గొట్టానికీ మధ్య మెగ్నీషియం ఆక్సైడ్ పొడి కూరి ఉంటుంది. అది వేడిని పోనిస్తుంది, కరెంటుని పోనివ్వదు. ఒక బలహీనత మాత్రం ఉంది: చెమ్మని పీల్చుకుంటుంది. నెలల తరబడి వాడని ఓవెన్‌లో ఆ చెమ్మ వల్ల కొంచెం కరెంటు గొట్టంలోకి కారుతుంది. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ అనే భద్రతా స్విచ్ దాన్ని పసిగట్టి టక్కున పడిపోతుంది. అది పడిపోవడమే దాని పని. దాన్ని తప్పించి డైరెక్టుగా కనెక్షన్ ఇవ్వమని ఎవరినీ అడగొద్దు. ఎలక్ట్రీషియన్ చేత కాయిల్ పరీక్ష చేయించండి. ఆ బెడద రాకూడదంటే వాడినా వాడకపోయినా నెలకోసారి అరగంట ఖాళీ ఓవెన్ వేడి చేయండి.

10. ఎండాకాలంలో ఎర్తింగ్ గుంత కూడా ఎండుతుందని తెలుసా?
ఓవెన్ ఒళ్లంతా ఇనుమే. లోపల వైరు తెగి ఆ ఇనుముకి తగిలితే కరెంటుని భూమిలోకి లాగేది ఎర్త్ వైరు. పాత ఇళ్లలో బొగ్గు, ఉప్పు వేసి పాతిన గుంతలో చెమ్మ ఉంటేనే అది సరిగా పనిచేస్తుంది. బోర్లు ఎండే ఏప్రిల్, మే నెలల్లో మట్టి గట్టిపడి దాని శక్తి తగ్గుతుంది. వారానికోసారి ఆ గుంతలో రెండు బకెట్ల నీళ్లు పోసే పెద్దవాళ్ల అలవాటులో శాస్త్రం ఉంది. ఓవెన్ తలుపు పట్టుకుంటే చేయి జివ్వుమంటే మాత్రం నీళ్లతో సరిపెట్టొద్దు. మెయిన్ కట్టేసి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

11. ఒక్క యూనిట్‌కి 207 రూపాయల 70 పైసలు పడొచ్చని తెలుసా?
2,000 వాట్ల ఓవెన్ గంట నడిస్తే రెండు యూనిట్లు కాలాలి. కానీ వేడి చాలగానే కాయిల్ ఆగి ఆగి వెలుగుతుంది కాబట్టి మామూలు బేకింగ్‌కి ఒకటి, ఒకటిన్నర యూనిట్లతో సరిపోతుంది. వారానికోసారి వాడితే నెలకి సుమారు నాలుగు నుంచి ఆరు యూనిట్లు. భారం ఆ యూనిట్లది కాదు, శ్లాబుది. తెలంగాణలో 2022లో వచ్చిన గృహ టారిఫ్ ప్రకారం 200 యూనిట్ల ఇంటికి మొదటి వందకి 3.40, తర్వాతి వందకి 4.80 చొప్పున ఎనర్జీ చార్జి 820 రూపాయలు. 201 అయితే మొత్తం లెక్క పై శ్లాబులోకి మారి, మొదటి 200కి 5.10 చొప్పున, ఆపై ఒక్క యూనిట్‌కి 7.70 కలిపి 1,027 రూపాయల 70 పైసలు. ఆ ఒక్క యూనిట్ తెచ్చిన తేడా 207 రూపాయల 70 పైసలు. 2024లో మొదలైన గృహజ్యోతి పథకం కింద జీరో బిల్లు వచ్చే ఇళ్లకీ 200 యూనిట్లే గీత. నెలాఖరులో వాడకం 190 యూనిట్లు దాటి ఉంటే, కేకు రీడింగు తీశాక చేసుకోవడం మంచిది.

వంట కుదరాలంటే

12. మోడ్ బొమ్మల్ని చదవడం తెలుసా?
దమ్ బిర్యానీ దేగ్చా కింద నిప్పు, మూత మీద నిప్పులు. ఓవెన్ సూత్రం సరిగ్గా అదే. నాబ్ మీద పైనొక గీత, కిందొక గీత ఉన్న బొమ్మ అంటే రెండు కాయిళ్లూ వెలుగుతాయి: కేకులు, బిస్కట్లు, బ్రెడ్డు దీంట్లో. కింద గీత ఒక్కటే ఉంటే అడుగు గట్టిపడడానికి. పైన రంపపు పళ్ల లాంటి గీత గ్రిల్: పనీర్ టిక్కా, తందూరీ చికెన్ పైభాగం కాలడానికి. ఫ్యాన్ చుట్టూ వలయం ఉంటే వెనకనున్న గుండ్రటి కాయిల్ వేడిని గాలి అంతటా పంచుతుంది: రెండు ట్రేల బిస్కట్లు ఒకేసారి చేసేటప్పుడు వాడాలి. ‘అడుగు మాడింది, పైన పచ్చిగా ఉంది’ అనే ఫిర్యాదుల్లో చాలావాటికి తప్పు బొమ్మ దగ్గర నాబ్ తిప్పడమే కారణం.

13. ఫ్యాన్ వేస్తే 20 డిగ్రీలు తగ్గించాలని తెలుసా?
కదిలే గాలి వేడిని త్వరగా అందిస్తుంది. రెసిపీలో మామూలు ఓవెన్‌కి 180 అని ఉంటే ఫ్యాన్ మోడ్‌లో 160 పెట్టండి. అమెరికా రెసిపీల్లోని 350 ఫారెన్‌హీట్ అంటే మన లెక్కలో సుమారు 177 డిగ్రీలు. 180 దగ్గర పెడితే చాలు.

14. పంచదారతో ఓవెన్‌ని పరీక్షించొచ్చని తెలుసా?
నాబ్ మీద 180 అని ఉన్నంత మాత్రాన లోపల సరిగ్గా అంతే ఉంటుందని లేదు. థర్మోస్టాట్ వేడిని కొంచెం పైకి పోనిచ్చి ఆపుతుంది, కొంచెం కిందికి పడ్డాక మళ్లీ వెలిగిస్తుంది. కొన్నేళ్లు వాడాక ఆ తేడా ఇంకా పెరగొచ్చు. పంచదార సుమారు 186 డిగ్రీల దగ్గర కరుగుతుంది. చిన్న అల్యూమినియం రేకు గిన్నెలో ఒక చెంచా పంచదార పోసి, బాగా వేడెక్కిన ఓవెన్ మధ్య అరలో 180 దగ్గర పావుగంట ఉంచండి. పలుకులు పలుకులుగానే ఉండాలి. కొత్త పంచదారతో 190 దగ్గర మళ్లీ చేయండి. ఈసారి అంచుల నుంచి నీరై పారదర్శకంగా మారాలి. 180కే కరిగిపోతే మీ ఓవెన్ చెప్పినదానికంటే వేడిగా నడుస్తోంది. 190కీ కదలకపోతే చల్లగా నడుస్తోంది. ఆ మేరకు నాబ్ దించడమో పెంచడమో చేసుకోండి. కరిగిన పంచదార చర్మానికి అంటుకుంటే వదలదు, చల్లారాకే గిన్నె ముట్టుకోండి.

15. హైదరాబాద్‌లో నీళ్లు 100 డిగ్రీలకు మరగవని తెలుసా?
నగరం సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది. ఇక్కడ నీళ్లు సుమారు 98 డిగ్రీలకే మరుగుతాయి. కేకు రెసిపీల్లో కొండ ప్రాంతాలకని చెప్పే మార్పులు సాధారణంగా 900 మీటర్లు దాటిన ఊళ్లకి. మనం బేకింగ్ పౌడర్ తగ్గించాల్సిన పని లేదు. కేకు కుంగితే ఎత్తుని తిట్టుకోకుండా, మధ్యలో తలుపు ఎన్నిసార్లు తెరిచారో గుర్తు చేసుకోండి. తెరిచిన ప్రతిసారీ లోపలి వేడిగాలి బయటికి దూకుతుంది. ఇంకా గట్టిపడని కేకు మధ్యభాగం అక్కడే కూలుతుంది. లైటు వేసి అద్దంలోంచి చూడండి. చెప్పిన సమయంలో మూడు వంతులు గడిచేదాకా తలుపు ముట్టుకోవద్దు.

16. శివరాత్రి చిలగడదుంప ఓవెన్‌లో ఎందుకు ఎక్కువ తియ్యగా ఉంటుందో తెలుసా?
ఆ గడ్డలో పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చే ఎంజైమ్ ఒకటి ఉంది. గడ్డ లోపలి వేడి సుమారు 57 నుంచి 75 డిగ్రీల మధ్య నడిచేటప్పుడే అది బాగా పనిచేస్తుంది. మైక్రోవేవ్ ఆ దశని నిమిషాల్లో దాటించేస్తుంది. ఓవెన్ నిదానంగా వేడి చేస్తుంది కాబట్టి ఎంజైమ్‌కి సమయం దొరుకుతుంది. సరూర్‌నగర్ రైతుబజార్‌లోనో ఎన్టీఆర్‌నగర్ మార్కెట్‌లోనో మరీ లావుగా లేని గడ్డలు తెచ్చి, కడిగి, తుడిచి, తొక్కతోనే 190 దగ్గర ముప్పావుగంట నుంచి గంట ఉంచండి. తొక్క పగిలి పాకం బొట్లుగా కారితే అయినట్టు. కింద ఒక ట్రే పెట్టడం మరిచిపోవద్దు.

17. నిన్నటి ఎగ్ పఫ్‌ని బతికించొచ్చని తెలుసా?
పఫ్ పొరల మధ్య కొవ్వు ఉంటుంది. పిండిలోని నీరు ఆవిరై ఆ పొరల్ని విడదీయడం వల్లే అది పొంగుతుంది. మైక్రోవేవ్‌లో పెడితే లోపలి తేమ పొరల్లోకి ఎక్కి తోలులా సాగుతుంది. 170 డిగ్రీల ఓవెన్‌లో ఆరేడు నిమిషాలు పెడితే ఆ తేమ ఎగిరిపోయి మళ్లీ కరకరలాడుతుంది. గుడ్డు ఉన్నది కాబట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉన్న పఫ్‌కే ఈ వైద్యం చేయాలి.

18. ఇనప పెనంతో తందూర్ పని కొంత చేయించొచ్చని తెలుసా?
హోటల్ తందూర్ 400 డిగ్రీల పైన మండుతుంది. ఇంటి ఓవెన్ సాధారణంగా 250 దగ్గరే ఆగుతుంది. అందుకే నాన్ పొంగకుండా ఎండి గట్టిపడుతుంది. చెక్క పిడి, ప్లాస్టిక్ పిడి లేని బరువైన ఇనప పెనాన్ని బోర్లించి పై అరలో పెట్టి, గరిష్ఠ వేడిలో అరగంట కాలనివ్వండి. ఆ పెనం మీదికి నాన్ జార్చి గ్రిల్ వేస్తే రెండు మూడు నిమిషాల్లో బుడగలొస్తాయి.

19. బిర్యానీకి ఓవెన్ దమ్ పెట్టొచ్చని తెలుసా?
మూతకి గోధుమపిండి ముద్ద చుట్టి, 170 దగ్గర పెడితే అన్ని వైపుల నుంచీ సమంగా వేడి తగులుతుంది. అడుగంటే భయం తగ్గుతుంది. గిన్నెకి, మూతకి ఉన్న నల్లటి ప్లాస్టిక్ పిడులు ముందే విప్పేయండి. కచ్చి బిర్యానీ అయితే గంటకి పైనే పడుతుంది. కోడిమాంసం లోపల 74 డిగ్రీలు చేరితేనే ఉడికినట్టు లెక్క. పిన్నులా గుచ్చి చూసే వంట థర్మామీటరు ఒకటి కొనుక్కుంటే ఊహించాల్సిన పనుండదు.

20. బంగారు రంగు దగ్గరే ఆపాలని ఎందుకంటారో తెలుసా?
బిస్కట్‌కి రంగు, వాసన ఇచ్చే రసాయన చర్యని ఫ్రెంచ్ శాస్త్రవేత్త లూయి కమీయ్ మైయార్ 1912లో వివరించాడు. సుమారు 140 డిగ్రీలు దాటాక అది జోరందుకుంటుంది. పిండిపదార్థాలు బాగా మాడితే అదే దారిలో అక్రిలమైడ్ అనే హానికర పదార్థం కూడా పెరుగుతుంది. ఆహారంలో దాని ఉనికిని 2002లో స్వీడన్ బయటపెట్టింది. ఆలుగడ్డ ముక్కలు గానీ బిస్కట్లు గానీ బంగారు రంగుకి రాగానే తీసేయండి. నల్లటి ట్రేలు వేడిని ఎక్కువగా పీలుస్తాయి కాబట్టి వాటిలో అడుగు ముందే మాడుతుంది. వాటికి 10 డిగ్రీలు తగ్గించండి.

చెయ్యి కాలకుండా, ఇల్లు కాలకుండా

21. ఓవెన్ అడుగున అల్యూమినియం ఫాయిల్ పరచకూడదని తెలుసా?
కారిన నూనె పడకుండా పరుస్తాం గానీ, చాలా ఓవెన్లలో కింది కాయిల్ ఓవెన్ అడుగు రేకు కిందే ఉంటుంది. ఫాయిల్ ఆ వేడిని అక్కడే బంధించి ఎనామిల్ పూతని పగలగొడుతుంది, కొన్నిసార్లు దానికి అతుక్కుపోతుంది. ఫాయిల్ పరిచిన ట్రేని కింది అరలో పెట్టండి, అది చాలు.

22. గాజు గిన్నె గ్రానైట్ గట్టు మీద ఎందుకు పగులుతుందో తెలుసా?
200 డిగ్రీల గాజు గిన్నెని తడి గ్రానైట్ మీద పెడితే అడుగు ఒక్కసారిగా చల్లబడి కుంచించుకుంటుంది, పైభాగం సాగే ఉంటుంది. ఆ లాగుడుకి గాజు ముక్కలవుతుంది. బోరోసిలికేట్ గాజు మామూలు గాజు కంటే బాగా తక్కువ సాగుతుంది గానీ దానికీ హద్దు ఉంది. చెక్క పలక మీదో, మడతపెట్టిన పొడి గుడ్డ మీదో దించండి.

23. తడి మసిగుడ్డ పొడిదానికంటే ప్రమాదమని తెలుసా?
నీరు గాలికంటే చాలా రెట్లు త్వరగా వేడిని చేతికి చేరుస్తుంది. పైగా గుడ్డలోని తడి అక్కడికక్కడే ఆవిరవుతుంది. పొడిగా, దళసరిగా ఉన్న గ్లోవ్స్ వాడండి. తలుపు తెరిచేటప్పుడు మొహం ముందు పెట్టకండి. పక్కకి నిలబడి, మొదటి ఆవిరి పోయాక చెయ్యి పెట్టండి. కాలితే టూత్‌పేస్టు, సిరా, పసుపు, ఐసు ఏవీ వద్దు. కుళాయి కింద ధారగా 20 నిమిషాలు చల్లటి నీళ్లు పోయండి. పెద్ద బొబ్బయినా, మొహమో కీళ్లో కాలినా ఆసుపత్రికి వెళ్లండి.

24. ఓవెన్‌లో మంట కనిపిస్తే తలుపు తెరవకూడదని తెలుసా?
తెరిస్తే మంటకి గాలి అందుతుంది. స్విచ్, వీలైతే మెయిన్ కట్టేసి, తలుపు మూసే ఉంచండి. లోపలి గాలి అయిపోతే మంట దానంతటదే చస్తుంది. నీళ్లు చల్లొద్దు. మంట బయటికొస్తే అందరూ ఇంట్లోంచి బయటపడి 101కి ఫోన్ చేయండి. ఇలాంటి మంటలకి సులువైన దారి మనమే వేస్తుంటాం: లోపల దాచిన ప్లాస్టిక్ మూతలు, పేపరు పరిచిన ట్రేలు, పాత నూనె జిడ్డు. నాబ్ తిప్పే ముందు తలుపు తెరిచి లోపల చూడడం అలవాటు చేసుకోండి.

25. లవ్ బర్డ్స్ ఉన్న ఇంట్లో ఇంకో జాగ్రత్త కావాలని తెలుసా?
నాన్‌స్టిక్ పూత మితిమీరి వేడెక్కితే వచ్చే పొగ మనకే మంచిది కాదు. చిలకలు, లవ్ బర్డ్స్ లాంటి పక్షుల్ని అది చంపేయగలదు. తనను తాను శుభ్రం చేసుకునే పైరోలిటిక్ ఓవెన్లు సుమారు 500 డిగ్రీల దాకా వెళ్లి జిడ్డుని బూడిద చేస్తాయి. ఆ మోడ్ వేసేముందు నాన్‌స్టిక్ ట్రేలు బయటికి తీయండి, కిటికీలు తెరవండి, పంజరాన్ని వంటింటికి దూరంగా పెట్టండి. కొత్త ఓవెన్‌ని మొదటిసారి ఖాళీగా అరగంట కాల్చేటప్పుడూ ఇంతే.

26. ఓవెన్‌లో మాడిన బల్బు స్థానంలో మామూలు బల్బు పెట్టకూడదని తెలుసా?
అక్కడ వాడేది 300 డిగ్రీల దాకా తట్టుకునే ప్రత్యేక బల్బు. ఇంటి ఎల్ఈడీ అక్కడ కరిగిపోతుంది. మార్చేటప్పుడు మెయిన్ కట్టేసి, ఓవెన్ పూర్తిగా చల్లారాకే చెయ్యి పెట్టండి.

ఓవెన్ కొనాలనుకునేవాళ్లకి ఒక మాట. షోరూముకి వెళ్లేముందే ఎలక్ట్రీషియన్‌ని ఇంటికి పిలిచి మూడు ప్రశ్నలు అడగండి: ఓవెన్‌కి విడి లైను ఉందా, ఎర్తింగ్ పనిచేస్తోందా, ఆర్‌సీసీబీ ఉందా? మూడింటికీ ‘అవును’ అన్న జవాబు వచ్చాకే లీటర్లు, రంగులు, ఆఫర్ల సంగతి మాట్లాడండి. ఇప్పటికే ఉన్నవాళ్లు ఈ ఆదివారం అందులోని మూకుళ్లు బయటికి తీసి, చెంచాడు పంచదారతో ఒకసారి పరీక్షించి చూసుకోండి.